పాకం సద్దు

గుడిపాల సంఘంలో నన్ను మైకు సీలాసు అనేవాళ్లు.
కరెంటు పోయినా నా ప్రార్థన ఆగేది కాదు.
ఆదివారం ఒక్కసారి కళ్లు మూసుకున్నానంటే
వానలూ, చెరుకు రేటూ, ఢిల్లీలో మంత్రులూ,
చిత్తూరు డిపోలో మా అల్లుడి ట్రాన్స్‌ఫరూ,
అన్నిటినీ పేరుపేరునా పిలిచి
ప్రభువుకు ఒప్పజెప్పేవాణ్ణి.
వెనక చాప మీద పిల్లోళ్లు నిద్రపోయేవాళ్లు.
ఇంట్లో కంచం ముందర కూడా అంతే.
సంగటి చల్లారిపోతాదని
దీనమ్మ గొణుక్కునేది.

క్రిస్మస్‌కు ముందు రాయవేలూరులో గొంతు కోసినారు.
గడ్డ తీసేసినారు. గడ్డతో పాటు మాటా పోయింది.
డాక్టరమ్మ అరవంలో చెప్పింది,
దీనమ్మ తెలుగులో ఏడ్చింది,
నాకు ఏ భాషా మిగల్లేదు.

మొదటి ఆదివారం పాస్టరయ్య అలవాటుగా నా దిక్కు చూసి,
గుర్తొచ్చి, ఇంకొకాయన్ని లేపినాడు.
ఆయన ప్రార్థన పొట్టిది, చక్కంది.
నాకు కడుపు మండింది.
లోపల నా మైకు ఇంకా మోగతానే ఉండాది:
నన్నెందుకు, నన్నెందుకు, నన్నెందుకు.

రాత్రిళ్లు గానుగ కాడ
పొయ్యిలోకి పిప్పి ఎగదోసే పని నాది.
పెనుము నిండా చెరుకురసం.
కాగేటప్పుడు అది నామాదిరే అరుస్తాది,
పొంగుతాది, నురగ కక్కుతాది,
అంచు దాటి దూకబోతాది.
బెండకాడల జిగురు పోసి
తేలిన మడ్డిని జల్లిగంటెతో తీసి పారబోయాల.

పాకం చూసే చెంగల్రాయుడు
కళ్లతో చూడడు. చెవి ఒగ్గి వింటాడు.
ఒకనాడు కోడికూతకు ముందర
నా భుజం మీద చెయ్యేసి అన్నాడు:
"సద్దు చేసినంతసేపూ
అది ఇంకా నీళ్లేనన్నా."

బెల్లం సంగతే చెప్పినాడు ఆయన.
నేనే ఆ మాటను ఇంటికి తీసుకొచ్చుకున్నా.

ఆ మరుసటి రాత్రి నుంచి
పెనుము దించినాక పిప్పి కుప్ప పక్కన కూర్చున్నా.
అల్లుడి ట్రాన్స్‌ఫర్ తేలింది. తీసి పక్కన పెట్టినా.
గొంతు నొప్పి తేలింది. తీసినా.
పాస్టరయ్య చూపు తేలింది. మూడుసార్లు తీసినా.
భలే కూర్చున్నానే అని ఒక సంతోషం తేలింది.
అన్నిటికన్నా నల్లటి మడ్డి అదే.

ఏమన్నా దొరికిందా అంటే, లేదు.
వైశాఖంలో గానుగ ఆపేసినారు, పెనుము బోర్లించినారు.
చెరుకు కొట్టిన కయ్యలో ఆకు కాల్చినారు.
నా లోపలా అదే వాసన.
ఆయన లేడేమో అనుకున్న దినాలు ఉన్నాయి,
లెక్క పెట్టలేదు, శానా ఉన్నాయి.
కూర్చోడం మాత్రం మానలేదు.
అది భక్తి కాదు,
పొద్దుగూకితే గొడ్డు కొట్టం దారి పట్టినట్టు,
అంతే.

ఒక్కసారి మాత్రం, ఒకే ఒక్కసారి,
నా ప్రార్థన ఎవరో వింటున్నట్టు కాదు,
ఎవరో నాలో కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నట్టు,
నేను గడప బయట చెప్పులిడిచి
ఊపిరి మెల్లగా తీసుకుంటా వింటున్నట్టు.
ఎంతసేపో తెలీదు.
ఊరబిచ్చుక వచ్చి పిప్పి మీద వాలి
ఎగిరిపోయేంతసేపేమో.
మళ్లీ రాలేదు. మళ్లీ రమ్మని
అడగడానికి నాకు గొంతు లేదు,
ఉన్నా అడగనేమో.

నిన్న రాత్రి కంచం ముందర
అలవాటుగా తల వంచినా.
దీనమ్మ నా ఎదురుగా కొంగు కప్పుకుంది.
కళ్లు తెరిచేసరికి
ఊరిబిండి మీద చీమ పాకతా ఉండాది,
ఆమె ఇంకా కళ్లు మూసుకునే ఉండాది.
సంగటి ఎప్పుడో చల్లారిపోయింది.
ఎవరమూ ఏమీ అనలేదు.